చల్లని చోట

లైసెన్సు మళ్ళీ ఇవ్వాలంటే ఒక ఫారం నింపాలి.
ఏం జరిగింది, అప్పుడు ఏమనిపించింది,
మళ్ళీ అయితే ఏం చేస్తావు.
మూడు గడులు, ఒక్కోదానికి నాలుగు గీతలు.
ఇబ్రీలో రాత్రి పదకొండు. బయట ఇంకా ముప్పై తొమ్మిది.
పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.

ఏం జరిగింది:
గంగరాజం వచ్చాడు. టోకెన్ నలభై ఏడు.
ఖర్జూర తోటలో పని, తోట వెనక మేకలు,
మేకల పక్కన రేకుల గది.
మూడు నెలల్లో రెండుసార్లు ఇన్సులిన్ పెరిగింది,
పదహారు, ఇరవై, ఇరవై ఆరు.
చక్కెర మాత్రం మొండి బాకీలా అలాగే ఉంది.
"సరిగ్గా వేసుకుంటున్నావా?" అన్నాను,
దొంగని అడిగినట్టు.
"ఏస్కుంటున్న మేడం. రెండు పూటలు. దేవుని మీద ఒట్టు."

పదకొండేళ్ళు నేను అద్దం వెనక ఉన్నాను.
అద్దంలో ఒక కంత, చెయ్యి పట్టేంత.
చీటీ లోపలికి, సంచీ బయటికి.
మణికట్లు గుర్తున్నాయి, మొహాలు లేవు.
సిమెంటు తిన్న గోళ్ళు, గోరింట వేళ్ళు,
ఉంగరం తీసేసిన చోట తెల్లటి చార.
చీటీ చదువు, మనిషిని చదవడం డాక్టరు పని
అని నేర్పిన మా మాస్టారు తప్పు చెప్పలేదు.
ఆ రోజుల్లో ఉద్యోగం అంతే.

ఈ ఏడు అద్దం తీసేశారు.
రెండు కుర్చీలు వేశారు, మధ్య బల్ల కూడా లేదు.
మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో
మొదటి వారం నాకు తెలియలేదు.

అడిగింది నేను కాదు.
ఆ మాట ఫారంలో ఉండాలి.
శిక్షణకొచ్చిన పిల్ల, షంసా, ఇక్కడి యాఖూబీల అమ్మాయి,
సగం అరబ్బీ కలిసిన హిందీలో అడిగింది:
మందు ఎక్కడ పెడతావు, బాబా?

గంగరాజం నవ్వాడు.
"మీరే చెప్తిరి గద, సల్లని జాగల పెట్టుమని.
ఫ్రిజ్ యాడిది? కఫీల్ మేకలకన్న నీడుంటది, నాకు రేకు.
అన్నిట్ల సల్లగుండేది నా పెట్టె అడుగు, అంగీల నడుమ.
ఆడ్నే పెట్టిన. పైలంగ."

రేకు కింద, పెట్టెలో, జూన్‌లో.
ఆ ఇన్సులిన్ పెన్ను వెలుతురుకి ఎత్తి చూశాను.
తేటగా ఉండాల్సిన దాంట్లో
విరిగిన పాలలా తెల్లటి నలకలు.
ఎంత పద్ధతిగా వేసుకున్నాడో!
గడియారం చూసుకుని, పొట్ట మీద చర్మం పట్టుకుని,
రెండు పూటలా,
చచ్చిన మందుని.

ఏమనిపించింది:
"చల్లని చోట ఉంచండి."
ఆ చీటీ నేనే అచ్చు వేయించాను, నాలుగు భాషల్లో.
తెలుగు ఒత్తులు సరిగ్గా పడలేదని
ప్రెస్సువాడితో తగాదా కూడా పడ్డాను.
చోటు మాత్రం అందరికీ ఉంటుందనుకున్నాను.

డాక్టర్ ఇస్మత్‌కి ఫోన్ చేశాను.
ఒకప్పుడైతే చేసేదాన్ని కాదు.
"పెంచొద్దు, దించండి. కొత్త మందు బతికుంది.
ఇరవై ఆరు వేస్తే తోటలో పడిపోతాడు,
చూసేవాళ్ళుండరు."
అవతల కాసేపు పంకా చప్పుడు.
"పదహారు రాస్తున్నాను."
మాటల పోగు ఆ సుడాన్ మనిషి, ఇంకేం అనలేదు.

ఆ సాయంత్రమే షంసా ఇంటి నించి
రెండు బహ్లా కుండలు తెచ్చింది, ఒకదాంట్లో ఒకటి.
మధ్య ఇసక, ఇసకకి నీళ్ళు, మూతి మీద తడిగుడ్డ.
గంగరాజం చంకనెత్తుకుని చూశాడు.
"గిది నాకెర్కే మేడం. అడిగితే నేనే చెప్తుంటి."

అడిగితే.

మళ్ళీ అయితే ఏం చేస్తావు:
నెల తరవాత అతని చక్కెర దిగింది, కొంచెం.
కొంచెమే.
పదకొండేళ్ళ సంచీలు
ఎన్ని రేకుల కింద ఉడికాయో,
ఆ లెక్కకి ఇందులో గడి లేదు.
"ముందు అడుగుతాను" అని రాశాను. కొట్టేశాను.
నిన్న రద్దీలో ఒకామెని అడక్కుండానే పంపేశాను,
టోకెన్ అరవై రెండు, కళ్ళ చుక్కల మందు,
అదీ చల్లగా ఉండాల్సిందే.
పేరు చూశాను. ఫోన్ నంబరుంది.
ఇప్పుడు చేస్తే నిద్ర లేపుతాను.

ఫారం మడిచి పక్కన పెట్టి
ఆ నంబరు మణికట్టు మీద రాసుకున్నాను.