గ్రేడింగు బల్ల దగ్గర

కాశీనగరంలో తెల్లారగట్ల బస్సుకి
నా నెత్తురు బరంపురం వెళ్ళింది,
ఐసు డబ్బాలో, డ్రైవరు సీటు వెనక,
ఎవరివో బుట్టెడు కోడిపిల్లల పక్కన.
మూడో రోజుకి కాగితమై తిరిగొచ్చింది.

కణితి దాలమ్మని
కె. డాలిమా చేసేరు.
వయసు మాత్రం సరిగ్గానే ఉంది, నలభై నాలుగు.
టీఎస్‌హెచ్ అన్న చోట పదకొండు పాయింటు నాలుగు,
పక్కనే నల్లగా ఒత్తిన ఒక్క ఇంగ్లీషు అక్షరం.
అదంటే ఎక్కువని
ల్యాబు కుర్రాడు దిబాకర్ ఒడియాలో చెప్పేడు,
చెప్పి టిఫినుకి పోయేడు.

ఎక్కువైతే తగ్గించాలి.
ఉప్పైనా అంతే, మంటైనా అంతే.
డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్తే ఒక రోజు కూలి పోతాది.
జీడిపప్పు పొట్టుతీసే చాకుతో
ఆ బుల్లి తెల్ల మాత్రని రెండు చేసేను.
పప్పైతే తిన్నగా చీలును.
మాత్ర కొంత పొడై గోటికింద దూరింది.

సగం మాత్ర, ఆరు వారాలు.
టీతోనే మింగేదాన్ని, దాంతోపాటే రక్తం మాత్ర,
ఒక్క గుటకలో రెండు పనులైపోయేయని సంబరం.
మే నెల్లో దుప్పటి కప్పుకున్నాను.
దువ్వెన నిండా జుట్టు.
గొంతు బొంగురుపోయింది.
నలభై మంది ఆడోళ్ళని ఒక్క కేకతో కదిపే మేస్త్రమ్మని,
చప్పట్లు కొట్టి పిలుచుకున్నాను.

రెండో కాగితం: ఇరవై మూడు.

పర్లాకిమిడిలో డాక్టరమ్మ మినోతి పాఢి తిట్టలేదు.
సగం ఒడియా, సగం తెలుగు కలిపి అడిగింది:
మీ షెడ్డులో పనోళ్ళు కునుకు తీస్తే ఏం చేస్తావ్?
అరుస్తాను.
అప్పటికీ లేవకపోతే?
ఇంకా అరుస్తాను.
ఈ అంకె ఆ అరుపు, దాలమ్మా.
గ్రంథిది కాదు. తలలో నీలాంటి మేస్త్రి ఒకత్తుంది.
మెడలో పనామె నిద్రపోతే ఆవిడ గొంతు లేస్తుంది.
మందు చాల్లేదని ఆవిడ కేకేస్తే
నువ్వు ఉన్న మందూ కోసేసేవు.

సిగ్గేసింది.
ఇరవై ఏళ్ళుగా గ్రేడింగు బల్ల దగ్గర
కొత్త పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం అదే కదా!
నూట ఎనభై అంటే పెద్ద పప్పు.
మూడొందల ఇరవై చిన్నది.
నాలుగొందల ఏభై మరీ చిన్నది.
అంకెని చూసి మురిసిపోకండే,
అది దేన్ని లెక్కపెడుతోందో చూడండని
కసిరి మరీ నేర్పేను.
నా నెత్తురు దగ్గరికొచ్చేసరికి
ఆ పాఠం షెడ్డులోనే వదిలేసి వచ్చేను.

ఇప్పుడు నిండు మాత్ర.
కోడి కూసే వేళ, ఉత్త నీళ్ళతో.
టీగిన్నె గంటసేపు పొయ్యి గట్టు మీంచి
నన్నే చూస్తూ ఉంటాది.
రక్తం మాత్ర రాత్రి జట్టుకి మారింది.
పరీక్ష రోజున మాత్ర, నెత్తురిచ్చేకే.
ఆగలేక మూడో వారంలోనే వెళ్తే
దిబాకర్ నవ్వి వెనక్కి పంపేడు.
పని జరుగుతోందని నమ్మడానికి
ఏ మేస్త్రికైనా టైము పడతాదిలే అనుకున్నాను,
నాకు పట్టదేటి?

మూడో కాగితం: ఆరు పాయింటు ఎనిమిది.
పేరు ఈసారి దలమా.
నల్ల అక్షరం అక్కడే కూర్చునుంది.
నేను చిన్నబోలేదు. కేక సన్నబడింది.
డాక్టరమ్మ మోతాదు కాస్త పెంచింది,
మళ్ళీ ఎనిమిది వారాలంది.

నిన్న బుదునీ, సవరల పిల్ల,
పొట్టు మరకల చేతుల్లో తన కాగితం పట్టుకొచ్చి
ఎక్కువుందంట మేస్త్రమ్మా, మాత్ర మానేద్దునా అంది.
కాగితం మడిచి కొంగున ముడేసేను.
శనివారం ఇద్దరం పర్లాకిమిడి.
బల్ల మీంచి రెండు పప్పులు తీసి
దాని అరచేతిలో పెట్టేను,
ఒకటి నూట ఎనభై, ఒకటి నాలుగొందల ఏభై.
ఏదే పెద్ద అంకె?

చాలాసేపు చూసింది.
చూసి, చూసి, చిన్నదాన్ని తీసి
నోట్లో వేసుకుంది.

షెడ్డులో పప్పు తినకూడదు.
నేను కేకెయ్యలేదు.