పక్కచూపు

డులూత్‌లో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
మాజీ సైనికుల కంటి క్లినిక్‌లో
వెర్నన్ హాల్వర్సన్ అక్షరాల పట్టిక వైపైనా తిరగలేదు.
ఒళ్లో ఫ్రీజర్ డబ్బా, మూత మీద టేపు,
టేపు మీద పోయిన భార్య చేతిరాత.
"ఇదొక్కటే మిగిలింది.
నువ్వు చదివి పెట్టొద్దు. నేనే చదవాలి."

ఆయన చూపుకి నట్టనడుమ చిల్లు.
దేన్ని చూస్తే అదే మాయం.
పక్కచూపులు మానమని పిల్లల్ని కసిరే లోకంలో
పక్కచూపు నేర్పడం నా ఉద్యోగం:
నా ముఖం కావాలంటే నా చెవిని చూడండి,
మాట కావాలంటే దాని పైనున్న ఖాళీని.

నవ్వాడు.
"పందొమ్మిదో ఏటే నేర్పారు డాక్టరమ్మా, రాత్రి కాపలాలో.
చీకట్లో మనిషిని సూటిగా చూస్తే కనపడడు,
కాస్త పక్కకి చూడాలి.
చూశాను. కనపడ్డాడు."
తర్వాతేమైందో చెప్పలేదు.
తుడిచిన భూతద్దాన్నే మళ్లీ తుడిచాను.

మంచు కరిగి సిరా చెమ్మగిల్లుతోంది.
ఆరు రెట్ల అద్దం. దీపం ఎడమకి.
గడ్డం ఇంకొంచెం పైకి.
"బ... బఠా... బఠానీ సూప్. అక్టోబరు.
ఉప్పు... ఉప్పు నువ్వే వేసుకో."

డబ్బాని గబగబా ఐసు సంచిలోకి తోసేశాడు,
బస్సు మూడింటికట,
అందాకా కరక్కూడదట.