ఆవెట్టిన అరటికాయ

ఆమదాలవలస స్టేషన్ బయట
రెండు అరటికాయలు తూచి
కొసరుగా వంట చెప్పింది అసిరమ్మ.

"తొక్క తియ్యకు, ఉడికితే అదే ఊడొచ్చీస్తాది.
సింతపండు ఉసిరికాయంత.
ఆవముద్ద మాత్రం పొయ్యి ఆర్పీసినాకే, బాబూ.
మంట మీదేస్తే సేదెక్కిపోతాది."

"నీళ్ళెన్ని?"
"కాయ మునిగినన్ని."
"ఎంతసేపు?"
"గుణుపూరు బండి కూత ఇనబడీదాకా."

అద్దెగదిలో ఒకే గిన్నె, మొదటి పోపు.
కరివేపాకు చిటపటకి వెనక్కి దూకాను.
రెండు ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి,
ఎవరూ చూడలేదు.
బండి కూసింది. దించాను.
ఆవ కలిపి ముద్ద నోట పెడితే
ముక్కులోంచి నడినెత్తికెక్కింది ఘాటు;
కళ్ళు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేశాను,
ఓ చెంచాడు దాచి.

పొద్దున్న డబ్బా మూత తీసి చూపించాను.
చిటికెడు నోట్లో వేసుకుని
మరో రెండు కాయలు ఏరుతూ అంది:
"బాగుంది. రేపు ఉప్పేసి సెయ్యి."