టేపు చివర ఇత్తడి బిళ్ళ

బంజారాహిల్స్, రోడ్ నంబర్ పది.
అద్దాల తలుపు తీసిన పిల్ల
నా వెనక ఇంకెవరన్నా వస్తున్నరేమోనని చూసి
"ఎవరి కోసం మేడం?" అన్నది.
"నాకే."
"మీ సైజుల... దుపట్టాలున్నయి మేడం, మంచిగుంటయి."

దుపట్టాకు సైజుండదు.
గందుకే ముప్పై ఏండ్ల సంది దుపట్టాలే కొన్న.
కమ్మలు కొన్న, చెప్పులు కొన్న,
బీరువ నిండ హ్యాండుబ్యాగులు కొన్న.
నా ఒంటికి అంచులల్లనే షోకు చేసిన,
నడిమిట్ల నేను లేనట్టు.
నల్లరంగు సన్నగ చూపిస్తదని చిన్నమ్మ అంటే
పదేండ్లు నల్లరంగుల తిరిగిన.
సన్నగ కాలే. ఎండకు ఉడికిన, అంతే.

ఈసారి
పుట్టపాకల చెప్పి నేయించిన తేలియా రుమాల్
తొమ్మిది గజాలు సంకల పెట్టుకోని
టోలిచౌకిల రెండంతస్తుల మెట్లెక్కిన.
యాకూబ్ మాస్టర్ ముందు బట్టను వాసన చూసిండు.
నూనె వాసన. కండ్లు మూసుకున్నడు.
తర్వాత టేపు నా చుట్టు తిప్పిండు.
నేను ఊపిరి బిగబట్టిన, అలవాటు.
"వదలు బేటీ," అన్నడు పండ్ల నడుమ గుండుసూదులతోని,
"దావత్‌ల బిర్యానీ తినవా ఏంది?"

వదిలిన.
"యాభై రెండు" అని గట్టిగ చదివిండు.
పిల్లగాడు రాసుకున్నడు,
ముప్పై నాలుగును ఎట్ల రాస్తడో గట్లనే.
దుకాణం కూలలే.
కింద ఆటోవాళ్ల లొల్లి ఆగలే.
టేపు ఇంకా ఎనిమిది ఇంచులు మిగిలి
దాని ఇత్తడి బిళ్ళ
నా తొడ మీద సల్లగ ఊగింది.

నేల దాకా కోటు కుట్టిండు.
బెట్టుగ నిలబడే భుజాలు,
లోపల మిరపపండు రంగు పట్టు,
నడిస్తేనే కనపడాలె అన్నడు.
వీపు మీద నేతగాని సింహాలు, గడియారాలు,
ఒక బుల్లి విమానం.
"సన్న పిల్లకైతే ఈ సింహం సగం కుట్టుల పోవు.
నీ మీద చూడు,
తోకతోని సహా నిలబడ్డది!"
అద్దంల తిరిగి చూసుకున్న.
నిజమే.
ఒక్క గోరు కూడ తెగలే.

దుర్గం చెరువు పక్క హోటల్ల ఫ్యాషన్ షో.
మూడో వరుస. కుర్చీ చేతులు ఇరుకు,
అది కుర్చీ సంగతి.
ర్యాంపు మీద పిల్లలు కొంగల్లెక్క నడిచి పోతున్నరు,
పాపం అందంగనే ఉన్నరు,
నేనూ మనసారా చప్పట్లు కొట్టిన.
లైట్లు వెలిగినంక
ముందు వరుస ముత్యాలామె వెనక్కి తిరిగి
నా చెయ్యి అంచు పట్టుకోని అడిగింది:
"డిజైనరెవరు?"
"యాకూబ్ మాస్టర్, టోలిచౌకి.
లిఫ్టు లేదు, మెట్లెక్కాలె."

రాత్రి విందుల
డబల్ కా మీఠా రెండోసారి పెట్టించుకున్న.
ఒక్క గుండీ
కిక్కురుమనలే.