పెద్రా ఆడది

తాడిపత్రి దాటినాక గుత్తి రోడ్డులో
మా పాలిష్ ఫ్యాక్టరీ.
పొద్దున ఏడుకే రంపం అందుకుంటుంది.
ఆ అరుపులోనే పోర్చుగీసు నేర్చుకుంటున్నాను,
లోడింగ్ చీటీల వెనక, కార్బన్ మరకల మధ్య.

శనివారం సాయంత్రం దొన తెరెజా ఫోన్లో కనబడుతుంది.
రెండు లాట్లు చూపించాలి, ఏది మేలో చెప్పాలి.
ఆమెకు ఇంగ్లీషు ఇష్టం లేదు,
మా ఓనరుకు రాదు.
మధ్యలో నేను.

మైష్ అంటే ఎక్కువ. మేనుష్ అంటే తక్కువ.
దు కే అంటే మన 'కన్నా'.
దానికన్నా ఇది నలుపు,
ఇంతే కదా అనుకున్నా.

పెద్రా అంటే రాయి. రాయి ఆడది.
రాయి ఆడదైతే నలుపూ ఆడదవ్వాలి: ఎష్కూరా.
బ్లోకు అంటే దిమ్మె. వాడు మగవాడు,
వాడి నలుపు ఎష్కూరు.
ఒకే గని, ఒకే నలుపు,
లారీ దిగినప్పుడొకటి
రంపం కింద పలకలైనాక ఇంకొకటి.
"పేరెటు పోతే రంగూ అటే పోవాల,
తల్లెనక దూడ మాదిరి" అని
నాకు నేనే చెప్పుకున్నా.

మనకు ఆ బాధ లేదు.
నల్ల రాయి, నల్ల పిల్ల, నల్ల పిల్లోడు,
నల్ల ఎనుములు నాలుగొచ్చినా
నలుపు ఉన్న చోటే ఉంటుంది.
ఈ సంగతి గొప్పగా చెబుదామని
ఓబుళమ్మ వైపు తిరిగాను.

రబ్బరు బూట్లు, మోకాళ్లదాకా బూడిదరంగు బురద,
మిషను కింద పలకను జరుపుతోంది.
లారీ వచ్చింది.
ఓబుళమ్మ వచ్చింది.
మస్తానప్ప వచ్చినాడు.

పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్నదే,
ఇప్పుడు పంటికింద తగిలింది
అన్నంలో రాయిలా.

అక్కడ రాయికి ఆడదాని మర్యాద.
ఇక్కడ ఆడదానికి రాయి క్రియ.
అక్కడ మాత్రం తక్కువా?
నూరుమంది ఆడోళ్లలో ఒక్క మగాడు చేరితే
గుంపంతా మగదవుతుందట,
దొన తెరెజానే చెప్పింది, భుజాలెగరేసి.

ఆ రోజు తడబడి బ్లోకును ఎష్కూరా అన్నాను.
నవ్వి దిద్దింది. ఏది మెల్యోర్ అనడిగింది.
మెల్యోర్ ఎవరికీ వంగని మాట,
ఆడదానికీ అదే, మగవాడికీ అదే.
రెండు పలకలూ తడిపి చూశాను.
"ఇగ్వాయిష్" అన్నాను. రెండూ సమానమే.
మొదటిసారి తప్పు దొర్లలేదు.

ఫోను పెట్టేసి కూలి చీటీలు రాశాను.
మస్తానప్ప, ఆరువందల యాభై.
ఓబుళమ్మ, నాలుగువందల ఇరవై.
అదే మిషను. అవే పలకలు.
మేనుష్ దు కే.
కలం ఆగింది.

"ఏందమ్మే, నీలో నువ్వే గొణుక్కుంటాండావు?"
చెప్పాను. రాయి, క్రియ, చీటీ, అన్నీ.
సంచిలో డబ్బా సర్దుకుంటూ వినింది.
"నేనొక్కదాన్నే పోతే ఓనరు దగ్గరికి?"
'వచ్చింది' అంటారు.
"లచ్చుమక్క, ఖాసింబీ, నువ్వూ, అందరం పోతే?"

సోమవారం పొద్దున ఏడున్నర.
రంపం ఇంకా అందుకోలేదు.
వాచ్‌మన్ తలుపు సందులో తల పెట్టి,
ఏ వ్యాకరణమూ చదవనివాడు,
"సార్, ఆడోళ్లు వచ్చినారు" అన్నాడు.