నిచ్చెన దిగే పద్ధతి

ఆదివారం మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాను.
పతకం మెడలో ఉండగానే బీచ్ రోడ్డులో ఆటో ఎక్కాను.
"ఎంత దూరం పరిగెత్తినారు మేడం?"
"నలభై రెండు కిలోమీటర్లు."
అంత దూరానికి ఎంతవుతుందో లెక్కేసుకుంటున్నట్టు
మర్రిపాలెం వచ్చేదాకా అతను మాట్లాడలేదు.

సోమవారం తెల్లారి
మంచం మీంచి కాళ్లు దించబోతే
అవి నావి కావు.
ఎవరో రాత్రికి రాత్రి
తొడల నిండా తడి ఇసుక కూరి కుట్టేసి పోయారు.
తెన్నేటి పార్కు ఎత్తు ఎక్కుతున్నప్పుడు
కిక్కురుమనని పిక్కలు
దాచుకున్న ఫిర్యాదులన్నీ ఒక్కసారే విప్పాయి.
బాత్రూములో కూర్చోవడానికి
కుళాయిని పట్టుకున్నాను, దేవుణ్ణి పట్టుకున్నాను.
లేవడానికి మాత్రం ఎవరూ దొరకలేదు.

ఎక్కడం పర్వాలేదు. దిగడమే.
మూడంతస్తులు, లిఫ్టు లేదు.
నలభై ఎనిమిది మెట్లు;
పదకొండేళ్లుగా దిగుతూ ఎన్నడూ లెక్కపెట్టనివి.
ఈతరాని పిల్ల అలని చూసినట్టు
రెండో మెట్టుని చూస్తూ నిలబడిపోయాను.

పైనుంచి దాలినాయుడు గారు వస్తున్నారు.
షిప్‌యార్డులో ముప్పై మూడేళ్లు వెల్డింగు చేసిన మనిషి,
మోచేతుల మీద నల్లపూసలు చల్లినట్టు నిప్పురవ్వల మచ్చలు.
ఆయన మెట్లు ఎప్పుడూ వెనక్కి తిరిగే దిగుతారు.
పిల్లలు నవ్వుతారు.
నేనూ ఓసారి మా మేనకోడలికి చేసి చూపించాను,
చున్నీ నోట్లో కుక్కుకుని.

"అలక్కాదమ్మా. ఎనక్కి తిరుగు.
ఓడలో నిచ్చెన ఎవుడైనా ఇలాగే దిగుతాడు.
మెట్టుకేసి మొకం, గోడకి సెయ్యి.
కాలు దానంతటదే కింద ఎతుక్కుంటాది,
నువ్వు సూడకు."

తిరిగాను. గోడకి చెయ్యి ఆనించాను.
అక్కడ మరక ఉంది.
నూనే చెమటా కలిసి నల్లబడ్డ అరచేతి మరక,
మలుపు మలుపుకీ ఒకటి, ఒకే ఎత్తులో.
దసరాకి ముందు రంగులు వేయించినప్పుడు
అసోసియేషన్ పుస్తకంలో రాసింది నేనే:
గోడలు పాడుచేస్తున్నవారు దయచేసి గమనించగలరు.
నా దస్తూరీ బాగుంటుందని బ్యాంకులో అందరూ అంటారు.

నా అరచెయ్యి సరిగ్గా ఆ మరకలో పడింది.

"మోకాళ్లు ఎప్పట్నుంచండీ?"
"ఏ ఓడ అప్పుడని సెప్పను?"

మంగళవారం ఇంకా ఘోరం.
బకెట్లో వేడినీళ్లు, కళ్లుప్పు; రాత్రికి నువ్వుల నూనె.
కౌంటర్లో కుర్చీ దిగకుండా
ఎనిమిది గంటలు మహారాణిలా కూర్చున్నాను.
బుధవారం సాయంత్రం ఇరవై ఎనిమిదో నంబరు బస్సెక్కి
బీచికి వెళ్లాను, ఎందుకో.
మొన్న చేతులెత్తి దాటిన గీత మీద
మొక్కజొన్న పొత్తుల బండి నిలబడి ఉంది.
సముద్రంలో పిక్కల దాకా దిగాను.
అల వెనక్కి పోతూ పాదాల కింది ఇసుక లాక్కుపోతుంటే,
కూరిన ఇసుక కొంచెం అదే అనిపించింది.

గురువారం, పాలపాకెట్టు కోసం దిగుతూ
రెండో మలుపు దాటాక చూసుకున్నాను,
ముందుకే దిగుతున్నాను.
నొప్పి ఏ మెట్టు మీద దిగిపోయిందో చెప్పి పోలేదు.

కింద ఆయన.
గోడకి చెయ్యి, మెట్టుకేసి మొహం.
ఇద్దరం ఒకే వైపు వెళ్తూ
ఎదురెదురుగా పడ్డాం.

"తగ్గిపోనాదా?"
ఊరెళ్లిపోతున్న మనిషిని అడిగినట్టు అడిగి,
దారి ఇద్దామని గోడకి అతుక్కున్నారు.

నేను దాటలేదు.
ఆయనతోపాటు ఒక్కో మెట్టూ దిగి
"ఇంకో రెండే. కింద కుక్క పడుకునుంది" అన్నాను.

"తెల్సు.
రోజూ దాని తోకే సెప్తాది."