నలభై రెండు అడుగులు

సజ్జా అంటరు ఈ జాగను.
మా దిక్కు సజ్జలంటే రొట్టె.
షార్జా అవతల, ఇసుకల, క్యాంపు పక్కన క్యాంపు.
మా రూంల నాలుగు మంచాలు, రెండంతస్తులు, ఎనిమిది మందిమి,
ఒక ఏసీ, దాని కింద
బొట్టు బొట్టు కారే నీళ్లకు ఒక పెయింటు డబ్బ.
రాత్రి ఆ సప్పుడు చెవుల వడ్డదా,
నాకు లేవాలనిపిస్తది.

అరవై ఒకటి నడుస్తున్నది.
పన్నెండున్నరకు ఒకసారి, రెండింటికోసారి,
మూడింటికోసారి. బాంగు ముందట ఇంకొకటి
ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.
ఒంటికి లేసుడు గూడ ఒక డ్యూటీ అయింది,
ఓవర్‌టైం రాని డ్యూటీ.

పోయినేడు దాక నాది పై మంచం.
ఐదు మెట్ల ఇనుప నిచ్చెన, మూడోది వదులు.
చీకట్ల కాలు దానికోసం దేవులాడుతుంటే
రూమంత ఊపిరి బిగవట్టినట్టుండేది.
ఎవ్వడు తిట్టలేదు. తిడితే బాగుండు.
నాలుగింటికి బస్సెక్కే పోరగాండ్లు,
వాళ్ల నిద్రలకెల్లి రోజూ
గింత గింత దొంగిలిచ్చేటోన్ని.

క్లినిక్కుల మలబారు డాక్టరు చెప్పిండు:
ఎనిమిది దాటినంక నీళ్లు ముట్టకు.
సైటు మీద సేఫ్టీ మనిషి అరుస్తడు:
తాగు చాచా, తాగు, పడిపోతవు.
అక్కడి బాత్రూం గోడకు రంగుల పట్టీ అంటిచ్చిండ్రు,
నిమ్మకాయ నీళ్ల నుంచి డికాషన్ దాక,
నీదేదో చూసుకొమ్మని.
క్యాంపుల రాత్రి ట్యూబులైటు కింద
అన్ని రంగులు ఒక్కటే.
గోడకు చెయ్యి ఆనిచ్చి నిలవడ్త.
రా తల్లీ అంట. రాదు.
వచ్చినట్టే వచ్చి, అలిగిన చుట్టం లెక్క
గడపలనే ఆగుతది.

గుల్జమాన్ నల్లకాడ కలుస్తడు.
పెషావర్ దిక్కోడు, ట్రైలర్ నడుపుతడు, నా ఈడే.
మాట కుదరదు, వేళ్లు చూపిచ్చుకుంటం.
నేను మూడు. ఆయన నాలుగు.
మీసం దువ్వి నవ్వుతడు, గెలిచినోని లెక్క.

మా ముత్తవ్వకు గూడ గిదే.
మూడింటికి మిస్డ్ కాల్ ఇస్త, అక్కడ నాలుగున్నర.
"నీకెన్ని?"
"మూడు. నీకు?"
"రెండే. షుగరు గోలీ మార్చిండ్రు."
ఇన్నేండ్లు చెరొక దేశంల ఉండి
ఇద్దరికీ కలిసిన ముచ్చట ఇదొక్కటి.

ఒకనాడు డ్యూటీ దిగొచ్చేసరికి
నా బొంత, నా మెత్త, లింబాద్రి నర్సింహుని పటం
కింది మంచం మీదున్నయి.
పైన సాగర్ సాక్సులు ఇడుస్తున్నడు.
"పైన ఏసీ గాలి మంచిగ తగులుతది పెద్దయ్యా"
అన్నడంతే.

కింద పండినంక తెలిసింది.
నేను లేసినప్పుడల్ల
పై పలకల సందుల వెలుగు టక్కున ఆరుతది.
ఇరవై నాలుగేండ్లోడు. వానిది ఒంటి బాధ కాదు.
ఏజెంటుకు కట్టిన లచ్చలు, వాటి మిత్తి
ఫోన్ల లెక్కవెడుతుంటడు,
నేను అడుగులు లెక్కవెట్టినట్టు.
మంచం నుంచి బాత్రూం తలుపుకు నలభై రెండు.

అడుగుదామనుకున్న, అడగలే.
నిన్న రెండింటికి, చెప్పులల్ల కాళ్లు దూర్చుకుంట
చీకటికే చెప్పినట్టు అన్న:
"పోయొద్దాం రారాదు, ఒక్కనికి బుగులైతుంది."
బుగులా, నాకా.
ఇరవై తొమ్మిదేండ్లాయె ఈ ఇసుకల వడి.
పైన కొద్దిసేపు ఏం లేదు.
తర్వాత మూడో మెట్టు కిర్రుమన్నది.

వాడు నల్లకాడ నిలవడ్డడు.
నేను లోపల్నుంచే అడిగిన,
మిత్తి నూటికెంత, ఎవలకాడ తెచ్చినవని.
వాడు చెప్తుండు, నేను ఇంటున్న,
ఇంటుంటె ఇంటుంటెనే
పనైపోయింది, నాకు తెల్వకనే.

తిరిగొచ్చేటప్పుడు లెక్క మరిచిన.
"ఎన్నిరా అడుగులు?" అన్న.
"ముప్పై ఒకటి పెద్దయ్యా," అన్నడు,
"నావి పొడుగు కాళ్లు."